మీ బంద్‌లు, నా ఎపిసోడ్లు: కొరాపుట్ జిల్లా పెద్దలకు ఒక జిరాక్స్ దుకాణం వాడి బహిరంగ లేఖ

ఒడిశాలోని మన కొరాపుట్ జిల్లాలో బంద్‌కూ, చక్కాజామ్‌కూ, రాస్తారోకోకూ పిలుపునిచ్చే అన్ని పార్టీల, సంఘాల, సమితుల పెద్దలకు,

సెమిలిగుడ మెయిన్ రోడ్డు మీద జిరాక్స్, మొబైల్ రీఛార్జ్ దుకాణం నడుపుకునే మనిషి నమస్కరించి రాసుకునేది.

మీలో సగం మందికి నా మొహం తెలుసు. మీ ఆధార్ కార్డులు, పట్టాలు, బెయిలు కాగితాలు నా గాజు పలక మీద పడుకుని లేచినవే. మీ బంద్ కరపత్రాలు కూడా నేనే తీస్తాను. సాయంత్రం ఐదొందల కాపీలు తీయించుకుని, మర్నాడు పొద్దున్నే అదే మెషీన్ ఆపించడానికి మీరే వస్తారు. దాని మీద నాకు కోపం లేదు. కరపత్రాల డబ్బు ఇచ్చినవాళ్ళ మీద అసలే లేదు.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. బడిలో చదివింది ఒడియా. దరఖాస్తు రాయమంటే ఒడియాలో ఐదు నిమిషాల్లో రాసిస్తాను. మనసులో మాట మాత్రం అమ్మ భాషలోనే వస్తుంది. పైగా సాలూరు, పార్వతీపురం వ్యాపారులతో అల్లం బేరం ఆడేటప్పుడు మీలో కొందరు నాకన్నా బాగా తెలుగు మాట్లాడతారు. రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకోండి.

విషయానికొస్తాను. నా కౌంటర్ సొరుగులో ఒక పాత డైరీ ఉంది. బాకీలు రాసుకోవడానికి కొన్నది. కొన్నేళ్ళ కిందట ఒక బంద్ రోజు ఏమీ తోచక ఓ పేజీలో నిలువు గీతలు గీసి మూడు గడులు చేశాను. మొదటి గడిలో తేదీ, ఎవరు పిలిచారు, దేనికి. రెండో గడిలో ఆ రోజు షట్టరు వెనక కూర్చుని నేను చూసిన అనిమే, ఎన్ని ఎపిసోడ్లు. మూడో గడికి ‘ఏమైంది’ అని పేరు పెట్టాను. మొదటి రెండు గడులూ నిండుతూ వచ్చాయి. పేజీలు తిరిగాయి. మూడో గడి పై నుంచి కింది దాకా తెల్లగానే ఉంది.

ఈ లేఖ ఆ మూడో గడి కోసం.

అనిమే అంటే ఏంటో మీ ఇంట్లో పిల్లల్ని అడిగితే చెబుతారు. జపాన్ వాళ్ళ బొమ్మల కథలు. వీటిలో చాలావాటికి ముందు మాంగా అని ఒక బొమ్మల పుస్తకం ఉంటుంది. పుస్తకం వారం వారం పత్రికలో నడుస్తుంటే టీవీ కథ దాని వెనకే పరిగెడుతూ ఉంటుంది. ఒక్కోసారి టీవీ వాళ్ళు పుస్తకాన్ని దాదాపు అందుకుంటారు. ఇంకా ముందుకు పోదామంటే కథ లేదు. ఆపుదామంటే టైము స్లాటు పోతుంది. అప్పుడు పుస్తకంలో లేని ఎపిసోడ్లు కొన్ని అల్లి మధ్యలో పెడతారు. వాటిని ఫిల్లర్ అంటారు. నరూటో అని పేరున్న సీరియల్ ఉంది. దాని మొదటి భాగం 220 ఎపిసోడ్లయితే, చివర్లో డెబ్బైకి పైగా వరసగా ఫిల్లర్లే. ఫిల్లర్‌లో కొట్లాటలు ఉంటాయి, శపథాలు ఉంటాయి, వెనక మంచి మ్యూజిక్ కూడా వేస్తారు. కానీ అది అయ్యేసరికి ఎవరికీ ఏమీ మారదు. ఓడినవాడికి పోయేదీ లేదు, గెలిచినవాడికి దక్కేదీ లేదు. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ ఊసే ఎవరూ ఎత్తరు.

పెద్దలు కోప్పడకూడదు. మీ బంద్‌లలో నాకు ఎక్కువ భాగం ఫిల్లర్లలాగే కనిపిస్తున్నాయి.

కారణాలు అబద్ధమని నేను అనడం లేదు. డాక్టరు లేని ఆసుపత్రి, గుంటలు పడ్డ రోడ్డు, భూమి పోయి ఉద్యోగం రాని కుటుంబం, ఇవన్నీ నా కౌంటర్ ముందుకే కాగితాలై వస్తాయి. వాటిలో ఏ కాగితం అబద్ధమో ఏది నిజమో మీకన్నా నాకే బాగా తెలుసనుకుంటాను. నా గొడవ మర్నాటి గురించి.

బంద్ రోజు మా ఊరు ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. మీరు చౌరస్తాలో టెంటు కింద ఉంటారు కాబట్టి. దాదాపు తొమ్మిదొందల మీటర్ల ఎత్తున్న ఊరు, పక్కనే 1,672 మీటర్ల దేవమాలి. డిసెంబరులో పొద్దున ఎనిమిదైనా ఎదురు దుకాణం బోర్డు కనిపించదు. మంచు ఏదో, కాలుతున్న టైరు పొగ ఏదో కంటికి తేడా తెలీదు, ముక్కుతో పట్టుకోవాలి. బరా, గుగ్ని (వడలు, బఠాణీ కూర) బండి వాడు మామూలు రోజుల్లో ఆరింటికే పొయ్యి వెలిగిస్తాడు. బంద్ రోజు సందు లోపలికి బండి తోసుకుపోయి అక్కడ వేయిస్తాడు. వాసన మాత్రం రోడ్డు మీదికే వస్తుంది, కార్యకర్తలు కూడా ఆ వాసన పట్టుకునే సందులోకి వచ్చి తింటారు. మందుల షాపుకు మినహాయింపు. మిగతావాళ్ళం షట్టరు మోకాలి ఎత్తు దాకా దించి లోపల కూర్చుంటాం. మైకు ఆటో వచ్చినప్పుడు కింది దాకా లాగేస్తాం, వెళ్ళాక మళ్ళీ ఎత్తుతాం.

ఆ మోకాలి ఎత్తు సందులోంచి మా వీధి పిల్లలు దూరి వస్తారు. నెట్ కట్ చేస్తారేమోనని నేను ముందురోజు రాత్రే ఎపిసోడ్లు డౌన్‌లోడ్ చేసి పెడతాను. వన్ పీస్ వెయ్యి ఎపిసోడ్లు దాటిపోయిన కథ. ఉద్యోగం ఉన్నవాడెవడూ మొదలెట్టే ధైర్యం చేయడు. అందులో సింహభాగం నేను మీ దయవల్లే చూశాను. ఈ విషయంలో మీకు థాంక్స్ చెప్పకపోతే తప్పవుతుంది.

క్యాబేజీ సంగతి మాత్రం నవ్వుకోవడానికి లేదు. కుండులి సంతకు పొట్టంగి వైపు కొండల నుంచి వచ్చే ఆడవాళ్ళు ముందురోజు మధ్యాహ్నమే కూరలు కోస్తారు. మీ పిలుపు రాత్రి పదింటికి ఫోనులో వస్తుంది. ఒకసారి అలాగే ఒకావిడ పొద్దున్నే బొలెరోలో రెండు బస్తాల క్యాబేజీతో దిగింది. ఘాట్ రోడ్డు దిగి వైజాగ్ వెళ్ళాల్సిన పికప్ బయల్దేరలేదు. ఆవిడ మధ్యాహ్నం దాకా నా అరుగు మీద కూర్చుని, తెచ్చుకున్న చోడి అంబలి తాగి, సాయంత్రం ఒక బస్తా నాకు వదిలేసి వెళ్ళిపోయింది. వెనక్కి తీసుకెళ్ళే బండి ఛార్జీ బస్తా ధరకన్నా ఎక్కువ. డబ్బు ఇవ్వబోతే సగమే తీసుకుంది. ఆ వారం మా ఇంట్లో క్యాబేజీ పప్పు, క్యాబేజీ పకోడీ, క్యాబేజీ పచ్చడి. అమ్మ చివరికి ‘ఇంకొక బంద్ అయితే నేను సాలూరు మా అన్నయ్య ఇంటికి పోతాను’ అంది. ఆవిడ పేరైనా అడగలేదు నేను. ఆ రోజు రెండో గడిలో తొమ్మిది ఎపిసోడ్లు రాసుకున్నాను. ఇప్పుడు ఆ గీత చూస్తే సిగ్గేస్తుంది.

నేను మొదటిసారి ఊరంతా మూతపడటం చూసింది చిన్నప్పుడు. 2004 ఫిబ్రవరి 6 రాత్రి కొరాపుట్‌లో మావోయిస్టులు పోలీసు ఆయుధాగారం మీద పడ్డారు. మర్నాడు బడి లేదు, బస్సు లేదు, పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నన్నూ అక్కనూ టీవీ ముందు కూర్చోబెట్టారు. పోకెమాన్ వస్తోంది, హిందీలో. పికాచూ చచ్చిపోతాడేమోనని ఏడ్చానట, ఇంట్లో ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. జులై చివర ఒక వారం, డిసెంబరు మొదట ఒక వారం మావోయిస్టుల వారోత్సవాలని మల్కన్‌గిరి వైపు రాత్రి బస్సులు ఆగిపోయే రోజులు తర్వాత చాలా ఏళ్ళు నడిచాయి. ఇప్పుడు తగ్గాయి. ఈ లేఖ అడవిలోని వాళ్ళకు కాదు, వాళ్ళకు పోస్టు చేసే అడ్రసు నా దగ్గర లేదు. మీకు ఉంది, మీరు టీ తాగేది నా పక్క కొట్లోనే.

ఇక 2025 సెప్టెంబరు సంగతి. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ అనే అనిమే సినిమా మన దేశంలో 12వ తేదీన వచ్చింది, తెలుగు డబ్బింగుతో సహా. అక్క కొడుకు ప్రాణం తీశాడు. వైజాగ్ తీసుకెళ్ళాను. మా చిన్నప్పుడు అనిమే అంటే హిందీలో చూడాలి, లేదా కింద ఇంగ్లిష్ అక్షరాల వెంట కళ్ళు పరిగెత్తించాలి. ఇప్పుడు తెరమీద రాక్షసుడు తెలుగులో బెదిరిస్తుంటే హాలంతా ఈలలు. ఒరిస్సాలో పెరిగిన తెలుగువాళ్ళకు ఆ ఈల వెనక ఇంకో సంతోషం ఉంటుంది, దాన్ని విడమర్చి చెప్పడం నాకు రాదు.

తిరుగు ప్రయాణంలో సుంకి ఘాటు మీద బస్సు ఆగిపోయింది. ముందు రాళ్ళు, రాళ్ళ మీద చెట్టు కొమ్మ, కొమ్మకు జెండా. రాస్తారోకో. ఎవరిదో ఇక్కడ రాయను, మీలో ఒకరిదే. ఒక గంట గడిచింది. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. నేనూ మా మేనల్లుడూ కిందికి దిగాం. వాడి ఒంటి మీద ఆకుపచ్చ నలుపు గళ్ళ చొక్కా, ఆ సినిమా హీరో వేసుకునే కోటు తరహాలో. రాళ్ళ దగ్గర కాపలా ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి, చేతిలో కర్ర. వాడు మావాణ్ణి పైకీ కిందికీ చూసి ఒడియాలో అడిగాడు:

‘సినిమా చూసొస్తున్నారా? బాగుందా? వద్దు వద్దు, కథ చెప్పకు. నేను వచ్చేవారం మన జిల్లా జైపూర్ మిత్రులతో వెళ్తున్నా.’

మావాడు నోరు మూసుకుని కళ్ళతోనే బాగుందన్నాడు. కర్ర పక్కన పెట్టి ఆ కుర్రాడు ఫోను తీశాడు. వాల్‌పేపర్ కూడా అదే. ఇద్దరూ రాయి మీద కూర్చుని ఎవరు ఎవరికన్నా బలవంతులో వాదించుకున్నారు. మధ్యలో నేను, ‘బాబూ, ఇంతకీ ఈ రోకో దేనికి?’ అని అడిగాను.

వాడు తల గోక్కుని, ‘రోడ్డు గురించి అనుకుంటా భాయ్. లేకపోతే వంతెన. సాయంత్రం మా పెద్దాయన వచ్చి చెప్తారు’ అన్నాడు.

సాయంత్రం దాకా పట్టలేదు. మూడింటికి ఎవరో ఫోను చేశారు, రాళ్ళు పక్కకు జరిపారు, బస్సు కదిలింది. ఎందుకు ఆపారో తెలీదు, ఎందుకు వదిలారో తెలీదు. బస్సులో మాకే కాదు, కర్ర పట్టుకున్నవాడికీ తెలీదు. ఒక ఫిల్లర్‌లో ప్రేక్షకుడికి మతి పోవడం మామూలే. నటుడికి కూడా కథ తెలియకపోతే ఎలాగండీ?

అదే వారంలో నేపాల్ తగలబడింది. సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లను ఆపమంది. 8న కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చారు. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. 9న ప్రధాని ఓలీ దిగిపోయాడు. ప్రభుత్వ కార్యాలయాలుండే సింఘ దర్బార్ మండుతుంటే, దాని గేటు మీద పిల్లలు కట్టిన జెండా ఫోటో మా మేనల్లుడు బస్సులోనే చూపించాడు. గడ్డి టోపీ పెట్టుకున్న పుర్రె. వన్ పీస్‌లో లూఫీ ఓడ జెండా. అంతకు ముందు నెల ఇండోనేషియాలోనూ లారీల వెనక అదే ఎగిరింది. మా వీధిలో చౌమిన్ బండి నడిపే నేపాల్ అబ్బాయి ఆ మూడు రోజులూ బండి తీయలేదు. తమ్ముడు ఖాట్మాండూలో చదువుతున్నాడట, ఫోను కలవడం లేదు. నాలుగో రోజు బండి తీశాడు. ‘కలిసిందా’ అన్నాను. తల ఊపి ఉల్లిపాయలు తరుక్కున్నాడు.

అప్పటినుంచి పిల్లలు ఆ జెండా స్టిక్కరు కావాలని నా దగ్గరికి వస్తున్నారు. కలర్ ప్రింటు తీసిస్తాను. ఒకటి నా షట్టరు మీదా అతికించాను. ఆ తర్వాత జరిగిన ఒక బంద్‌లో మీ బృందం వాళ్ళు వచ్చి షట్టరు దించమన్నారు, దించాను. పుర్రె కనపడింది. వాళ్ళలో పెద్దాయన వెనక్కి అడుగేసి ‘ఇది ఏ పార్టీ?’ అన్నాడు. ‘జపాన్ పార్టీ’ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘మన జిల్లాలో ఉందా?’ అని అడిగాడు. కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేక సందులోకి పారిపోయారు. అప్పుడు ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: ఉంది. ఓటు హక్కు ఇంకా రాలేదు, అంతే.

నేపాల్ గురించి నా అభిప్రాయం అడగలేదు గానీ చెబుతాను. నిప్పు పెట్టడం నాకు నచ్చలేదు. అక్కడి సుప్రీంకోర్టులో కేసుల కాగితాలు కాలిపోయాయి. కాగితం మీద బతికేవాణ్ణి, కాగితాలు కాలితే నా ఒళ్ళు మండుతుంది. ఎవడో ఒక పేదవాడు ఆ కేసు కోసం ఎన్ని జిరాక్సులు తీయించుకుని ఉంటాడో. నచ్చింది ఏంటంటే, ప్రధాని దిగిపోయాక ఆ పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోలేదు. తర్వాత ఎవరు అని డిస్కార్డ్‌లో, అంటే వీడియో గేములాడేవాళ్ళు కబుర్లు చెప్పుకునే యాప్‌లో, వేలమంది చేరి వాదించుకున్నారు. 12న సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేసింది. మేం టికెట్లు బుక్ చేసుకున్న సినిమా విడుదలైన రోజే. మంచో చెడో, వాళ్ళ మూడో గడిలో ఒక పేరు పడింది.

ఇప్పుడు ఇనుము గురించి. జపాన్ బొమ్మలు మన పిల్లల్ని చెడగొడుతున్నాయని మీలో ఒకాయన మొన్న మైకులో అన్నాడు. అయ్యా, జపాన్ మన కొండల్లోకి నా చిన్నప్పుడు రాలేదు, మీ చిన్నప్పుడే వచ్చింది. కొరాపుట్ మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960లలో ఎందుకు వేశారు? బైలాడిలా ఇనుప రాయిని విశాఖ రేవుకు, అక్కడినుంచి జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి. యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. మా తాత ఆ పనిలో కొన్నాళ్ళు సిమెంటు బస్తాల లెక్క రాశాడు. మనం రాయి పంపాం, వాళ్ళు బొమ్మలు పంపారు. రాయికి మనకేం ముట్టిందో నాకు తెలీదు గానీ, బొమ్మలకైతే నేను ఇంతవరకు పెద్దగా ఇచ్చింది లేదు. (ఆ లైను మీద అరకు దగ్గర శిమిలిగుడ అనే స్టేషను ఉంది. మా ఊరు అదే అనుకుని ఒకసారి మా మావయ్య అక్కడ దిగిపోయి, చలిలో రాత్రంతా బెంచీ మీద కూర్చున్నాడు. ఈ ముచ్చటకూ బంద్‌కూ సంబంధం లేదు, గుర్తొచ్చి రాశాను.)

ఇనుము మీదే ఒక అనిమే సినిమా ఉంది. 1997లో మియాజాకీ తీసిన ప్రిన్సెస్ మొనొనొకె. ఒకామె అడవి నరికి ఇనుము కరిగించే ఊరు కట్టింది. ఆమె తుపాకీ గుండు ఒంట్లో దిగి ఒక అడవి పంది దేవుడు పిచ్చెక్కి ఊళ్ళ మీద పడతాడు. సగం చూశాక మా మేనల్లుడు ‘మావయ్యా, ఈమే కదా విలన్’ అన్నాడు. ఆగమన్నాను. ఎందుకంటే ఆ ఊళ్ళో పని చేసేది ఎవరు? వేశ్యా గృహాల నుంచి ఆమె విడిపించి తెచ్చిన ఆడవాళ్ళు, ఎవరూ ముట్టుకోని కుష్ఠు రోగులు. వాళ్ళకు కూడు, గౌరవం ఇచ్చింది ఆమే. అడవిని చంపుతున్నదీ ఆమే. వాడు సినిమా అయ్యేదాకా మళ్ళీ నోరెత్తలేదు.

మనకు ఇది కొత్తా? మా ఊరికి కూతవేటులో దామన్‌జోడి. పంచపట్మాలి కొండ మీది బాక్సైటు, అంటే అల్యూమినియం తీసే రాయి, దాన్ని వాడే నాల్కో ఫ్యాక్టరీ. నా దగ్గర రీఛార్జ్ చేయించుకునేవాళ్ళలో సగం మంది ఇళ్ళు ఆ జీతాల మీద నిలబడ్డాయి. నా దగ్గర పునరావాసం దరఖాస్తులు తీయించుకునేవాళ్ళూ ఆ చుట్టుపక్కల వాళ్ళే. అటు రాయగడ, కలహండి మధ్యలో నియమగిరి. అక్కడ డోంగ్రియా కోంధులు కొండనే నియమరాజు అంటారు. లాంజిగఢ్ రిఫైనరీకి ఆ కొండ బాక్సైటు కావాలన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభలనే అడగండి అంది. ఆ జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు జరిగాయి, జిల్లా జడ్జి హోదా ఉన్న అధికారి ఎదురుగా. ఒక్కొక్కరూ లేచి తమ మాట చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి లేదంది. వందకు పైగా ఊళ్ళుంటే పన్నెండే ఎందుకని గొడవ అప్పుడే ఉంది, అది న్యాయమైన గొడవే. అయినా చూడండి: తేదీ ఉంది, ఎవరు ఏమన్నారో రాత ఉంది, చివరికి ఏమైందో ఉంది. ఇది అసలు కథ. పుస్తకంలో ఉన్న కథ. ఆ 12 సభల వెనక ఏళ్ళ తరబడి నడకలు, ధర్నాలు, లాఠీలు ఉన్నాయని తెలుసు. అందుకే బంద్‌లు వద్దని అనడం లేదు నేను.

కొటియా గురించి రాయకూడదనుకున్నాను. మీలో రెండు రాష్ట్రాల వాళ్ళూ ఉన్నారు, ఈ లేఖ అటుపక్క సాలూరులోనూ చదువుతారు. కానీ నన్ను మీరు బంద్ రోజుల్లో ‘ఏయ్ ఆంధ్రా’ అని పిలుస్తారు కాబట్టి రాస్తున్నాను. మా ముత్తాత ఘాటెక్కి వచ్చేనాటికి ఇది జైపూర్ జమీందారీ, విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా అయింది. ఆయన చేసిందల్లా ఉత్తరాల మీద జిల్లా పేరు మార్చి రాయడం. రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొటియా ఊళ్ళ తగాదా 1968లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడివాళ్ళకు రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు రాష్ట్రాల ఓట్లు, ఒకే బురద దారి.

అటాక్ ఆన్ టైటన్ అని ఒక కథ ఉంది (చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి, తర్వాత నన్ను తిట్టకండి). ఎత్తైన గోడల మధ్య బతికే జనం. గోడ అవతల రాక్షసులే ఉన్నారని నమ్ముతారు. ఏళ్ళు పోయాక తెలుస్తుంది, సముద్రం అవతల కూడా మనుషులే ఉన్నారని, వాళ్ళూ వీళ్ళను రాక్షసులే అనుకుంటున్నారని. ఆ కథ రాసిన ఇసాయామా కొండల మధ్య ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరి ఆనకట్ట ముందు, గోడవైపు తలెత్తి చూస్తున్న ముగ్గురు పిల్లల విగ్రహాలు పెట్టారు. ఫోటోలో చూసి నాకు కోలాబ్ డ్యాము గుర్తొచ్చింది. సుంకి గేటు దగ్గర రెండు వైపుల పోలీసులూ ఒకే కొట్లో టీ తాగుతారు. మీరు మైకులో ఏమన్నా, అది మాత్రం ఆ దారిన పోయినప్పుడల్లా నేను చూస్తాను.

నేను కోరేది చెప్పి ముగిస్తాను. బంద్ పిలవండి. పిలుపు ముందురోజు మధ్యాహ్నం లోపు ఇవ్వండి, క్యాబేజీ కోయకముందు. కర్ర పట్టుకునే కుర్రాడికి దేనికో చెప్పండి, వాడు తెలివైనవాడే, చెబితే అర్థం చేసుకుంటాడు. బంద్ అయిన వారానికి, మీకు కుదరకపోతే నెలకు, ఒక కాగితం అదే చౌరస్తాలో అంటించండి: ఏం అడిగాం, ఎవరు ఏం చెప్పారు, ఏం రాలేదు. ‘ఏమీ రాలేదు’ అని రాసినా ఫర్వాలేదు. ఆ కాగితం నేను ఎన్ని కాపీలు కావాలంటే అన్ని ఉచితంగా తీసిస్తాను. పిలుపు కరపత్రాలకు మాత్రం డబ్బు తీసుకుంటాను. పాత బాకీలు ఎవరెవరివో డైరీ మొదటి పేజీల్లోనే ఉన్నాయి.

రాయగడ రైల్వే డివిజన్ మాట 2019లో వచ్చింది, శంకుస్థాపన 2025 జనవరి 6న అయింది. అది మా వల్లే వచ్చిందని నా కౌంటర్ దగ్గర నిలబడి ముగ్గురు చెప్పారు, మూడు పార్టీలవాళ్ళు. ముగ్గురికీ పెన్ను ఇచ్చి డైరీ మూడో గడిలో రాసి సంతకం పెట్టమన్నాను. ఒకాయనకు ఫోను వచ్చింది. ఒకాయన కళ్ళజోడు మర్చిపోయాడు. మూడో ఆయన పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి పెన్నును దారంతో కౌంటర్‌కు కట్టాను. డైరీ పైనే ఉంటుంది. షట్టరు దించి ఉంటే తట్టండి, లోపలే ఉంటాం.

ఇట్లు,
సెమిలిగుడ జిరాక్స్ దుకాణం వాడు